ఆ రెండు వారాల లెక్క

అద్దాలమ్మకు కోపం వస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది. ఈ ఒక్క ముక్క ఆమె అత్తగారికి ముందే తెలిసి ఉంటే ఈ కథ ఇంతదూరం వచ్చేది కాదు. అరిచేవాళ్ళతో గొడవేముంది? అరిచి, ఏడ్చి, ముఖం కడుక్కుని అన్నం తింటారు. నోరు మూసుకుని పని చేసుకుపోయేవాళ్ళతోనే వస్తుంది తంటా.

కళ్ళజోళ్ళ దుకాణం వెనక గదిలో కూర్చుని, ఫ్రేములో ఇమిడేలా అద్దాల అంచులు అరగదీయడం ఆమె పని. గిర్రున తిరిగే రాయి, దాని మీద సన్నగా కారే నీళ్ళు, ఒళ్ళో పరుచుకున్న పాత తువ్వాలు. పొద్దస్తమానం అదే లోకం. అందుకే వీధంతా ఆమెను అద్దాలమ్మ అంటారు. అద్దం ఒక్కసారి ఎక్కువ అరిగిందంటే మళ్ళీ అతకదు, పారెయ్యాల్సిందే. కాబట్టి తొందరపడటం ఆమెకు చేతకాదు. ఏం చేసినా నిదానంగా చేస్తుంది, చేసింది మాత్రం గట్టిగా చేస్తుంది.

అత్తగారు సిటీ బస్సు కండక్టరుగా పనిచేసి రిటైరైన మనిషి. బస్సు దిగింది గానీ ఆ ఉద్యోగం మాత్రం దిగలేదు మహాతల్లి. ఎవరు ఎదురుపడినా ఎగాదిగా చూసి, వీడి దగ్గర టికెట్టు ఉందా లేదా అన్నట్టు ఒక చూపు విసురుతుంది. తన సర్వీసులో దొంగ ప్రయాణికుడు ఒక్కడు కూడా తప్పించుకోలేదని ఆమె గొప్ప. ఆ గొప్ప విని విని వీధిలో వాళ్ళకు చెవులు చిల్లులు పడ్డాయి.

ఇక ఈమెకు కొడుకు, ఆమెకు మొగుడు అయిన మనిషి, సముద్రం అడుగున ఇసుక తోడే ఓడ మీద క్రేను నడుపుతాడు. నెలల తరబడి అక్కడే ఉంటాడు, ఒక్క నెల ఇంటికొస్తాడు, మళ్ళీ పోతాడు. మెత్తని మనిషి. ఆ మెత్తదనం ఎవరు నొక్కితే అటు సాగే రకమని అద్దాలమ్మకు పెళ్ళయిన మూడేళ్ళకు గానీ తెలియలేదు.

అతను సెలవు అయిపోయి ఓడెక్కిన రెండు వారాలకు ఆమెకు నెల తప్పిందని అనుమానం వచ్చింది. అత్తగారిని తోడు తీసుకుని ఆసుపత్రికి వెళ్ళింది. డాక్టరమ్మ పొట్ట మీద చల్లటి జిగురు రాసి, తెర వైపు చూసి, ఆఖరుసారి నెలసరి ఎప్పుడొచ్చిందో అడిగి, "రెండూ సరిపోయాయి. ఎనిమిది వారాలు. అంతా బాగుంది" అంది. తెర మీద బఠాణీ గింజంత ఏదో మిణుకుమిణుకుమంది. అద్దాలమ్మ దాన్నే చూస్తూ ఉండిపోయింది. ఎనిమిదో పద్దెనిమిదో ఆమె చెవికెక్కలేదు.

అత్తగారి చెవికి మాత్రం ఎక్కింది. తిరుగు బస్సులో ఒక్క మాట మాట్లాడలేదు. డ్రైవరు బ్రేకు గట్టిగా వేసినా ఏమీ అనలేదు. సంతోషంతో నోట మాట రావట్లేదేమో అనుకుంది అద్దాలమ్మ, పిచ్చిది.

ఇంటికొచ్చి చెప్పులు విడుస్తూనే అత్తగారు మొదలుపెట్టింది.

"అమ్మాయ్, మావాడు ఓడ దిగి ఇంటికొచ్చి ఎన్నాళ్ళయింది?"

"ఆరు వారాలు అత్తయ్యా."

"ఊఁ. లోపలివాడు ఎక్కి ఎనిమిది వారాలట. మావాడు రాకముందే బండెక్కేసిన ఈ ప్రయాణికుడెవరమ్మా?"

అద్దాలమ్మకు మొదట అర్థమే కాలేదు. అర్థమయ్యాక గోడకు ఆనుకుంది. ఏమని చెప్పాలి? ఎనిమిది వారాలని డాక్టరమ్మ అన్నమాట నిజమే. ఆరు వారాల కిందటే అతను వచ్చాడన్నదీ నిజమే. ఈ రెండు నిజాలూ ఎక్కడ కలుస్తాయో ఆమెకూ తెలియదు. "నాకు తెలియదు అత్తయ్యా, కానీ మీరనుకునేది కాదు" అంది. ఆ 'తెలియదు' అన్నదాన్ని పట్టుకుని అత్తగారు ఫోను తీసి, స్పీకరు పెట్టి, కొడుక్కి కలిపింది. చెప్పాల్సిందంతా చెప్పింది. పక్క వాటాలో కుక్కర్ ఈల కూడా ఆగిపోయి వింటున్నట్టనిపించింది.

అవతల ఓడ ఇంజను రొద. అతను నవ్వుతాడని ఎదురుచూసింది. అమ్మా నీకేమైనా మతిపోయిందా, అంటాడని ఎదురుచూసింది. అంతమాత్రం అనడానికి ఎంతసేపు పడుతుంది?

"నువ్వున్నావా అక్కడ?" అన్నాడు చివరికి.

"ఉన్నాను."

"నేను రాకముందు ఆ రెండు వారాలు ఎక్కడున్నావ్?"

"ఎక్కడుంటాను? షాపులో."

"షాపు మూసేశాక?"

అదీ ఆమెకు తగిలిన దెబ్బ. మొదటి ప్రశ్న అమ్మ అడిగించింది అనుకోవచ్చు. ఈ రెండోది మాత్రం సొంతం. ఆమె లోపలికెళ్ళి తలుపు వేసుకుంది. ఆ పూటంతా ఏడ్చింది. అది ఆఖరు ఏడుపు.

మర్నాడు షాపుకు సెలవు పెట్టి ఒక్కతే డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళింది. అడగడానికి సిగ్గుతో చచ్చిపోయింది గానీ అడిగింది. డాక్టరమ్మ నవ్వింది, తర్వాత ఆమె ముఖం చూసి నవ్వు ఆపేసింది.

"కడుపు ఏ రోజు పడిందో ఎవరికి తెలుస్తుందమ్మా? నెలసరి వచ్చిన రోజైతే గుర్తుంటుంది. అందుకని అందరికీ లెక్క అక్కణ్ణుంచే మొదలుపెడతాం. ఆ మొదటి రెండు వారాలు లోపల ఎవరూ ఉండరు. ఊరికే లెక్కలో కలుపుతాం, అంతే. నీకొక్కదానికే కాదు, లోకంలో ప్రతి తల్లికీ ఇదే లెక్క. మీవారు ఇంటికొచ్చిన రోజులకీ దీనికీ చక్కగా సరిపోయింది."

"ఈ మాట మా అత్తయ్యకు మీరే చెప్పండి" అంది అద్దాలమ్మ, అక్కడికక్కడే ఫోను కలిపి.

అత్తగారు మొత్తం విని ఫక్కున నవ్వింది. "ఓరి వీళ్ళ దుంపతెగ! ఎక్కనివాడికి కూడా రెండు స్టేజీల టికెట్టు కొట్టేస్తారన్నమాట! నాకేం తెలుసమ్మా ఈ కొత్త లెక్కలు!" అంది. సాయంత్రం కోడలు ఇంటికొచ్చేసరికి వేడివేడి టీ పెట్టి, కప్పు చేతికిచ్చి, "తాగు, తాగు, ఒట్టి మనిషివి కాదు" అంది. వీధికి పొక్కిన మాటను వెనక్కి తీసుకునే ప్రయత్నం మాత్రం చేయలేదు. టీ కప్పుతో సరి.

మొగుడు ఆ రాత్రి ఫోను చేశాడు. గొంతు తేలిగ్గా ఉంది.

"అమ్మ సంగతి నీకు తెలుసుగా. వదిలెయ్."

"అడిగింది నువ్వు కూడా."

"ఏదో అడిగాను. ఇంత దూరంలో ఉంటే బుర్ర పనిచెయ్యదు. సరేలే, అయిపోయిందిగా. కాన్పు ఎప్పుడన్నారు? నేను ఇప్పుడే పేరిచ్చుకోవాలి."

ఆ ఓడ పద్ధతి అలాంటిది. మనుషుల్ని మార్చే పడవ నెలకొక్కసారే వస్తుంది. ఏ పడవకు దిగుతావో నెలల ముందే పేరివ్వాలి. పేర్ల గడువు దాటాక మార్చరు, ఎందుకంటే నీ బదులు ఎక్కేవాడు కూడా అదే లెక్క చూసుకుని బయల్దేరతాడు. తల్లి చచ్చిందన్నా పడవ రాదు. కాబట్టి తేదీ ముఖ్యం.

అద్దాలమ్మ ఒక్క క్షణం ఆగింది. తప్పయింది అంటాడేమోనని ఆగింది. నిజంగా ఆ మాట కోసమే ఆగింది, ఆమె మీద ఒట్టు. అతను "హలో, హలో" అన్నాడు. అప్పుడు ఆమె తేదీ చెప్పింది. డాక్టరమ్మ చెప్పింది కాదు, దానికి రెండు వారాలు తర్వాతది. అతను ఇంటికొచ్చిన రోజు నుంచి మొదలుపెట్టి, అత్తగారు వేళ్ళు ముడిచి లెక్కేసే పద్ధతిలో వచ్చే తేదీ. వాళ్ళ లెక్క వాళ్ళకిచ్చింది. ఇందులో తన సొమ్మేం పోయింది?

డాక్టరమ్మ తేదీ చెప్పి ఉంటే అతను ముందు పడవకు దిగి, కాన్పుకు బోలెడు ముందుగా ఇంట్లో ఉండేవాడు. ఈ తేదీకైతే తర్వాతి పడవ చాలు. అది వచ్చేసరికి బిడ్డ పుట్టి పదిరోజులు దాటుతుంది. నువ్వు లేని రెండు వారాల గురించి నన్ను అడిగావుగా, ఇక నువ్వు లేని రోజులంటే ఏమిటో చూద్దువుగాని అనుకుంది. అత్తగారు కూడా తన వేళ్ళ మీద లెక్కేసుకుని, "ఆఁ, నేనూ అదే అనుకున్నా" అని సంతోషపడింది.

ఈ సంగతి తెలిసింది ఒక్క అక్కకు. అక్క స్కూలు వ్యాను నడుపుతుంది. పొద్దున పిల్లల్ని దింపేశాక ఖాళీ వ్యానులో చెల్లెల్ని ఆసుపత్రికి తిప్పేది ఆమే. అత్తగారిని వెంట తీసుకెళ్ళడం అద్దాలమ్మ మానేసింది, ఏడో నెల రాగానే షాపుకు దగ్గరన్న వంకతో అక్క ఇంటికి మకాం మార్చేసింది.

"నీకు పిచ్చి ముదిరిందే" అంది అక్క స్టీరింగు మీద చెయ్యేసి. "తిట్టు. కొట్టు. నాలుగు నెలలు మాట్లాడకు. అంతేగానీ బిడ్డ పుట్టడం ఒక్కసారే జరుగుతుంది. అది పోతే మళ్ళీ ఏం పెట్టి తెచ్చిస్తావ్?"

"నా పరువు ఏం పెట్టి తెచ్చిచ్చారు వాళ్ళు?"

"నీతో వాదించేకంటే ఈ వ్యానుతో వాదించడం నయం."

మధ్యలో ఒకసారి స్కానింగులో బిడ్డ కాస్త పెద్దగా కనిపించింది. తేదీ ఏమైనా ముందుకు జరుగుతుందా అని ఆశగా అడిగింది అద్దాలమ్మ. జరగదంది డాక్టరమ్మ. మొదటి స్కానింగులో వేసిన తేదీయే ఖాయం, తర్వాత బిడ్డ బొద్దుగా ఉన్నా సన్నగా ఉన్నా తేదీ మార్చరట. "అయినా అది అంచనా తల్లీ. ఆ రోజుకే పుట్టాలని బిడ్డకు చెప్పలేం కదా" అంది.

అద్దాలమ్మకు గుండెలో రాయి పడింది. బిడ్డ ఆలస్యం చేస్తే? రెండు వారాలు నెమ్మదిగా నెట్టుకొస్తే? పంతమంతా గంగలో కలిసిపోతుంది.

ఈలోగా మొగుడు మారుతున్నాడు. రోజూ ఫోను. తన్నిందా, ఎటు తన్నింది, నిద్రపట్టిందా. ఓడ మీద వంటవాడు ఐదుగురు పిల్లల తండ్రి అట, తువ్వాలు చుట్టి ఇచ్చి బిడ్డను ఎలా ఎత్తుకోవాలో నేర్పిస్తున్నాడట. ఒకరోజు గొంతు తగ్గించి, "నేను పుట్టినప్పుడు మా నాన్న లేడు. పుట్టిన నెలకు వచ్చాడు. చచ్చేదాకా ఆయనకూ నాకూ మధ్య ఆ నెల అలాగే ఉండిపోయింది. నేనలా కాకూడదు. అది కళ్ళు తెరిచేటప్పటికి ఎదురుగా నా ముఖం ఉండాలి" అన్నాడు.

ఆమె మనసు కరిగింది. కరగకుండా ఎలా ఉంటుంది, రాయా? ముందు పడవకు పేరు మార్చుకోవడానికి ఇంకా రెండు రోజులు గడువుంది. చెప్పేద్దామని నోరు తెరిచింది. "ఆ రోజు నువ్వు అడిగావు చూడు..." అని మొదలుపెట్టింది.

"ఏ రోజు? అమ్మ గొడవ చేసిన రోజా? అమ్మ అంది గానీ, నేనేమన్నాను? నేనేమీ అనలేదుగా" అన్నాడు అమాయకంగా.

తెరిచిన నోరు మూసేసింది. అడిగినవాడికే అడిగినట్టు గుర్తులేదు! ఆమెకు మాత్రం ఆ ముక్క గొంతులో ముల్లులా దిగబడి ఉంది. గడువు దాటిపోయింది.

డాక్టరమ్మ చెప్పిన తేదీ వచ్చింది, వెళ్ళింది. ఏమీ జరగలేదు. ఒక రోజు, రెండు రోజులు, మూడు. కడుపులో పిల్ల హాయిగా తంతూ కూర్చుంది. అద్దాలమ్మ అక్క ఇంటి మెట్లు ఎక్కింది, దిగింది, మళ్ళీ ఎక్కింది. వీధి చివరి దాకా నడిచింది. "దిగవే తల్లీ, దిగు! నువ్వు కూడా మీ నాన్న పక్షమేనా?" అని పొట్టను పట్టుకుని తిట్టింది. అక్క నవ్వాపుకోలేక పక్క గదిలోకి పారిపోయింది. అక్కడ మొగుడు పడవెక్కడానికి సంచి సర్దుకుంటున్నాడు. ఇక్కడ పిల్ల దిగట్లేదు. అత్తగారు ఫోను చేసి, "ఇంకా టైముందిగా, తొందరేం లేదు, వాడు వచ్చాకే నొప్పులు మొదలవుతాయి చూడు" అంటుంటే పళ్ళు పటపటా కొరికింది.

వారం దాటగానే డాక్టరమ్మ ఇక ఆగకూడదంది. ఆసుపత్రిలో చేర్చుకుని నొప్పులు రావడానికి మందు పెట్టారు. అక్క ఫోను తీసి, "వాళ్ళమ్మకైనా చెప్తానే" అంది. అద్దాలమ్మ ఆ ఫోను లాక్కుని తలగడ కింద పెట్టుకుంది. తర్వాత జరిగిందంతా ఒళ్ళు హూనమయ్యే వ్యవహారం. ఒక దశలో ఆమె మొగుణ్ణి పిలిచింది. పేరు పెట్టి, గట్టిగా, రెండుసార్లు. ఆ సంగతి తర్వాత అక్క చెప్తే, అబద్ధమంది. మధ్యాహ్నం ఆడపిల్ల పుట్టింది. నల్లటి ఒత్తు జుట్టు, పొడుగాటి గోళ్ళు, బొద్దు బుగ్గలు.

గెలిచింది. పడవ ఇంకా మూడు రోజుల దూరంలో ఉంది. పిల్ల కళ్ళు తెరిచినప్పుడు ఎదురుగా ఉన్నది అమ్మ ముఖమొక్కటే. అద్దాలమ్మకు ప్రాణం లేచొచ్చింది. ఇప్పుడు చెప్పుకోమంది అక్కతో, తలగడ కింద నుంచి ఫోను తీసి ఇస్తూ.

సాయంత్రానికి అత్తగారు పరుగు పరుగున వచ్చింది. మనవరాలిని చూసి మురిసిపోయింది. ముద్దులాడింది. అచ్చం మావాడి ముక్కే అంది. "పాపం, ముందే వచ్చేసింది కదూ! నెలలు నిండని పిల్లని గాజు పెట్టెలో పెట్టరా?" అని నర్సును అడిగింది.

"నిండకపోవడమేంటమ్మా! నిండి వారం దాటింది. గోళ్ళు చూడండి, ఎంత పెరిగాయో" అని నర్సు తన దారిన తాను పోయింది.

అత్తగారి చేతులు ఆగిపోయాయి. పిల్లను మెల్లగా మంచం మీద పెట్టింది.  వరండాలోకి నడిచింది. అద్దాల తలుపు అవతల ఆమె వేళ్ళు ముడుచుకుంటూ తెరుచుకుంటూ కనిపించాయి. తర్వాత ఫోను తీసింది.

అప్పుడు తెలిసింది అద్దాలమ్మకు తనేం చేసిందో. వాళ్ళకు తెలిసిన తేదీకి ఇంకా వారం ఉంది. పిల్ల వారం ఆలస్యంగా పుట్టింది. అంటే వాళ్ళ లెక్కలో ఈ పిల్ల మళ్ళీ రెండు వారాలు ముందే పడింది. మొగుడికి దెబ్బ తగలాలని తవ్విన గోతిలోకి ఇప్పుడే పుట్టిన పిల్ల జారింది. తలుపు సందులోంచి అత్తగారి గొంతు వినిపించింది. "అప్పటి రెండు వారాలు డాక్టరమ్మ తన ఖాతాలో వేసుకుంది నాన్నా, ఒప్పుకున్నాం. ఈ రెండు వారాలు ఎవరి ఖాతాలో వెయ్యమంటావ్?"

"ఇప్పుడైనా నోరు విప్పు" అంది అక్క, ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుని. "తేదీ నేనే తప్పు చెప్పానని ఒక్క మాట. తేలిపోతుంది. ఇది నీ పంతం కాదు, దాని బతుకు."

అద్దాలమ్మ పిల్లను ఎదకు హత్తుకుంది.  "అతను రానీ" అంది. "వచ్చి, ఏమీ అడక్కుండా దీన్ని ఎత్తుకుంటే చాలు. కాళ్ళ మీద పడి నేనే చెప్తాను. నాది తప్పని వీధంతా వినేలా చెప్తాను. ఒట్టు."

"అడిగితే?"

అద్దాలమ్మ పిల్ల తల మీదికి తువ్వాలు లాగి సర్దింది.

మూడో నాడు అతను వచ్చాడు. అప్పటికి వాళ్ళు అక్క ఇంటికి చేరారు. భుజాన సంచి, ముఖం నిండా ఉప్పుగాలి, కళ్ళ కింద నలుపు. గుమ్మంలో నిలబడ్డాడు. ఉయ్యాల మంచంలో పిల్ల చేతులు ఆడిస్తూ పడుకుని ఉంది. ఒక అడుగు వేశాడు.  వెయ్యి, ఇంకొక్క అడుగు వెయ్యి, అని అద్దాలమ్మ లోపల్లోపల బతిమాలింది. అతను ఆగాడు. సంచి కింద పెట్టాడు. పిల్లను కాదు, నేలను చూస్తూ మాట్లాడాడు.

"నేను నిన్ను ఏమీ అనట్లేదు. అమ్మ నోరు నీకు తెలుసు. చుట్టుపక్కల వాళ్ళ నోళ్ళు తెలుసు. ఒక్కసారి టెస్టు చేయించేస్తే అందరి నోళ్ళూ మూతపడతాయి. నీకే మంచిది."

అక్క చెల్లెలి వైపు చూసింది. చెప్పవే, చెప్పు, అన్నట్టు చూసింది.

"సరే, చేయిద్దాం" అంది అద్దాలమ్మ. గొంతు ఎంత తగ్గిందంటే అతను వంగి వినాల్సొచ్చింది. "ఒక్క షరతు. ఫలితం వచ్చేదాకా నువ్వు దీన్ని ముట్టుకోకూడదు. ఎవరి పిల్లో తెలియదన్నావుగా. ఎవరి పిల్లనో ఎత్తుకోనివ్వను."

"అదెంతలే, నాలుగు రోజులు" అన్నాడు తేలికపడి.

నాలుగు రోజులు కాదు. ల్యాబువాళ్ళు నెల రోజులన్నారు. అతని సెలవూ అంతే. అది అతనికి అక్కడ నమూనాలు ఇచ్చాక తెలిసింది. ఆమెకు ముందే తెలుసు, ల్యాబుకు వెళ్ళే రోజు పొద్దున్నే అక్క చేత ఫోను చేయించి కనుక్కుంది.

రోజూ పొద్దున్నే వచ్చేవాడు. కుర్చీలో కూర్చునేవాడు. అక్క టీ ఇచ్చేది. పిల్ల ఏడిస్తే అతని చేతులు వాటంతటవే లేచేవి, ఆమె చూడగానే మోకాళ్ళ మీదికి దిగేవి. వంటవాడు నేర్పిన విద్య అంతా ఆ చేతుల్లోనే ఎండిపోయింది. రెండో వారానికి పిల్ల గొంతు విని ఆకలో నిద్రో చెప్పగలిగేవాడు. "ఆకలేస్తోంది దానికి" అనేవాడు కుర్చీలోంచే. "తెలుసు" అనేది ఆమె. ఒకరోజు ఉండబట్టలేక, "పోనీ టెస్టు వద్దులే, నాకక్కర్లేదు, నమ్ముతున్నాను" అన్నాడు. "నాకు కావాలి" అంది. అత్తగారు రెండుసార్లు వచ్చి తలుపు తట్టింది, అక్క వీధిలో నుంచే పంపేసింది.

అద్దాలమ్మకు జాలి వేయలేదా అంటే, వేసింది. అంతకంటే ఎక్కువ సంతోషం వేసింది. ఉన్నమాట చెప్పుకోవాలి.

పడవెక్కాల్సిన రోజు మధ్యాహ్నం అతని ఫోనుకు ల్యాబు నుంచి కబురొచ్చింది. చదివి, కుర్చీలోంచి లేచి, మళ్ళీ కూర్చుని, ముఖం చేతుల్లో దాచుకున్నాడు. "నాదే" అన్నాడు. "నా పిల్లే."

"ఆ సంగతి నాకు తెలుసు" అంది ఆమె. "ఇప్పుడు నీకు తెలియనిది చెప్తాను, విను. డాక్టరమ్మ చెప్పిన తేదీ వేరు. నీకు రెండు వారాలు తప్పు చెప్పింది నేనే. కావాలనే చెప్పాను. నువ్వు లేకుండా పుట్టాలనే చెప్పాను."

అతను తలెత్తాడు. 

"మొదటిసారి తెలియక అడిగావు. తెలిశాక తప్పయిందని ఒక్క మాట అనలేదు. సరే, కుళ్ళుబోతుదాన్ని, పగబట్టాను. కానీ ఆ రోజు గుమ్మంలో నువ్వు ఇంకొక్క అడుగు వేసి దీన్ని ఎత్తుకుని ఉంటే, అదే క్షణం అంతా చెప్పేసేదాన్ని. ఏడాది తిరక్కుండా రెండోసారి అనుమానించావు. అంత సులువుగా."

"తప్పయింది" అన్నాడు. ఇన్ని నెలలకు వచ్చింది ఆ మాట. వచ్చి ఏం లాభం? ఆమె ఎదురుచూడటం ఎప్పుడో మానేసింది.

కింద పోర్టు బండి హారను కొట్టింది. అతను ఉయ్యాల మంచం దగ్గరికి వెళ్ళి ఆమె వైపు చూశాడు. ఆమె తల ఊపింది. ఎత్తుకున్నాడు. తల కింద చెయ్యి సరిగ్గానే పెట్టాడు. పిల్ల అతని చొక్కా గుండీ పట్టుకుంది. మగవాడు అలా వెక్కివెక్కి ఏడవడం అక్క ఎప్పుడూ చూడలేదట, వంటింట్లోకి వెళ్ళిపోయింది. అద్దాలమ్మ మాత్రం కదల్లేదు. కళ్ళారా చూసింది. కడుపులో ఇన్నాళ్ళూ మండిన మంట చల్లారింది, అబద్ధమెందుకు.

హారను మళ్ళీ మోగింది. పిల్లను ఆమె చేతుల్లో పెట్టాడు, గుండీ విడిపించుకోవడానికి కాస్త సేపు పట్టింది.

"మళ్ళీ సెలవు పెట్టుకోవాలిగా" అన్నాడు, ముఖం తుడుచుకుంటూ. "ఇంటికే వస్తావా? ఇక్కడే ఉంటావా? ఏ పడవకు పేరివ్వను? అది బోర్లా పడేసరికైనా నేను..."

"ఇక్కడే ఉంటాం" అంది అద్దాలమ్మ. "ఎప్పుడు రావాలో తేదీ నేను చెప్తాను."

అతను ఆమె ముఖంలోకి చూశాడు. ఆ తేదీ నిజమవుతుందో అబద్ధమవుతుందో వెతుక్కున్నాడు. ఏమీ కనిపించలేదు. "సరే, నువ్వు చెప్పిన తేదీకే" అని సంచి భుజాన వేసుకుని మెట్లు దిగాడు.